నీళ్ళు చెప్తాయి... నూనె చెప్పదు

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి పిల్లల్ని స్కూల్లో దింపడానికి, కూరగాయలు తేవడానికి. రెండోది ఎందుకుందో మా ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు. దానికి రెండే సీట్లు. డిక్కీలో బియ్యం బస్తా పట్టదు. దూరంగా స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే చాలు, నాకు చెమటలు పడతాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత స్పోర్ట్స్ కారు అది. నలభై దాటిన మగాళ్ళకి పట్టే పిచ్చిల్లో ఇదొకటని మా ఆవిడ వాళ్ళ అక్కతో ఫోన్లో అంటుంటే పక్క గదిలోంచి విన్నాను. కాదనలేకపోయాను.

మాది నర్సీపట్నం. ఉద్యోగం చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో. అక్కడికి దగ్గర్లోనే, బెంగుళూరు వెళ్ళే హైవే పక్కన, ఇరుంగాట్టుకోట్టైలో కార్ల రేసులు జరిగే ట్రాక్ ఉంది. అంతకు ముందు షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవట. 1990లో ఈ ట్రాక్ వచ్చింది. చుట్టు కొలత సుమారు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. పందేలు లేని కొన్ని రోజుల్లో డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని మనలాంటి వాళ్ళం కూడా సొంత కారు తోలుకోవచ్చు. ఎవరితోనూ పోటీ లేదు. ఎదురుగా లారీ రాదు, ఆవు అడ్డం రాదు. నెలకో రెండు నెలలకో ఒక ఉదయం అక్కడ గడిపితే, మిగతా రోజులన్నీ ట్రాఫిక్‌లో ఓపిగ్గా ఉండగలుగుతాను. మా ఆవిడకి నేను చెప్పుకునే సమర్థన ఇది.

ఆ ఎర్ర లైటు

పోయిన ఏడాది వేసవికి ముందు ఓ ఆదివారం. ఐదో రౌండులో ఉన్నాను. పొడుగాటి మలుపు ఒకటి తిరుగుతుంటే మీటర్ల దగ్గర ఎర్ర లైటు ఒకటి మిణుక్కుమంది. నూనె డబ్బా బొమ్మ ఉండే లైటు. మలుపు దాటగానే ఆరిపోయింది. నీళ్ళ వేడి చూపించే ముల్లు మాత్రం ఎప్పట్లాగే మధ్యలో నిలబడి ఉంది. తర్వాతి రౌండులో అదే మలుపులో మళ్ళీ మిణుక్కుమంది. ఇక ఆపేశాను.

నా కారు చూసే మెకానిక్ నెల్లూరాయన. ఇరవై ఏళ్ళుగా చెన్నైలో షెడ్డు నడుపుతున్నాడు. విషయం వినగానే, "అన్నా, ట్రాక్ మీద నూనె కాగిపోతా ఉంది. ఆయిల్ కూలర్ వేసేయాల్సిందే" అన్నాడు. 

ఆయిల్ కూలర్ అంటే పెద్ద వింతేం కాదు. పల్సర్ 220 బండి చూసినవాళ్ళకి తెలుసు, ఇంజన్ ముందు జల్లెడలాంటి చిన్న పెట్టె ఉంటుంది. ఇంజన్ ఆయిల్ అందులోంచి తిరిగి, గాలికి చల్లబడి, మళ్ళీ లోపలికి వెళ్తుంది. ఇంజన్‌లో మండే పెట్రోలులో దాదాపు మూడో వంతు శక్తే బండిని నడుపుతుంది. మిగతాదంతా వేడి. అందులో సగం సైలెన్సర్ గుండా పోతే, మిగిలింది నీళ్ళూ నూనే మోయాలి. పిస్టన్ల అడుగుకి, క్రాంక్ బేరింగులకి నీళ్ళు చేరవు. అక్కడికి వెళ్ళగలిగేది నూనె ఒక్కటే. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో పొరలా నిలబడేదీ అదే. పేరుకున్న నెయ్యి వేలికి మందంగా అంటుకుంటుంది. కరిగిన నెయ్యి జారిపోతుంది. నూనె కూడా అంతే. మరీ వేడెక్కితే పలచబడి, ఆ పొర తెగిపోతుంది.

రోడ్డు మీద వెళ్ళే కార్లకి కంపెనీ ఇచ్చిన ఏర్పాటే ఎక్కువ. ట్రాక్ మీద అలా కాదు. ఇంజన్ నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి పరిగెడుతుంది. పేరున్న పోర్షే 911 కార్లకి 1998 దాకా నీళ్ళ రేడియేటరే లేదు. గాలీ, నూనే కలిసి చల్లబరిచేవి. ఆ చివరి తరం ఇంజన్లు పది లీటర్లకు పైనే నూనె తాగేవి. నూనె చేసే చాకిరీ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

నేను ఉత్సాహం ఆపుకోలేకపోయాను. కూలర్లలో పది వరుసలవి, పదహారు వరుసలవి, పందొమ్మిది, పాతిక వరుసలవి ఉంటాయి. వేసేటప్పుడే పెద్దది వేస్తే పోలా అని పాతిక వరుసల దాని మీద కన్నేశాను. రేటు చూసి మా ఆవిడ, "ఆ డబ్బుకి ఫ్రిజ్ వస్తుంది. చల్లబడ్డమే కదా కావాల్సింది!" అంది.

నాన్న వచ్చారు

సరిగ్గా అప్పుడే మా నాన్న కంటి ఆపరేషన్ కోసం తునిలో రైలెక్కి చెన్నై వచ్చారు. శుక్లాలు తీశాక నెల రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బాల్కనీలో కూర్చునేవారు.

నాన్న డ్రైవరు. నర్సీపట్నం అబీద్ సెంటర్ నుంచి చింతపల్లి వరకు జీపు తోలేవారు. తెలియని వాళ్ళకి ఆ దారి గురించి చెప్పాలి. నర్సీపట్నం కొండ కింద ఊరు. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. మెలికలు తిరుగుతూ ఎక్కితే లమ్మసింగి. అది వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. ఇప్పుడు చలికాలంలో మంచు చూడ్డానికి కార్లు బారులు తీరుతున్నాయి కానీ, మా చిన్నప్పుడు అది సంతకి వెళ్ళేవాళ్ళ దారి. తెల్లదొరల కాలంలో ఆ రోడ్డు పనికి గిరిజనుల్ని వెట్టికి తోలారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలడానికి ఆ బాధ కూడా ఒక కారణం. 

ఆ ఘాట్ ఎక్కేటప్పుడు జీపులో పద్దెనిమిది మంది. పైన మిరియాల మూటలు, అల్లం బస్తాలు, కోళ్ళ గంపలు. సగం దూరం వెళ్ళేసరికి రేడియేటర్లో నీళ్ళు సలసలా కాగేవి. నాన్న సీటు కింద ఎప్పుడూ నీళ్ళ డబ్బా, ఓ గోనె సంచి ఉండేవి. వేడి మీద మూత తీయబోయి కాలిన మచ్చ ఆయన కుడి చేతి మీద ఇప్పటికీ ఉంది.

ఓ సాయంత్రం నా కూలర్ సంగతంతా ఆయనకి చెప్పాను. మొత్తం విని, ఒకే ఒక్క మాట అడిగారు.

"ఒరే నానా, ఆ లైటు అన్ని సోట్లా ఎలిగిందా? ఒక్క మలుపులోనే ఎలిగిందా?"

"ఒక్క మలుపులోనే నాన్నా."

"అయితే నూనె కొలత సూశావేటి?"

చూడలేదు. సర్వీసు చేయించి రెండు నెలలే అయింది కదా అనుకున్నాను. కిందికి దిగి, కారు సమంగా ఉన్న చోట పెట్టి, పుల్ల తీసి చూశాను. కింది గీత కంటే తక్కువగా ఉంది. ట్రాక్ మీద తోలితే ఇంజన్ కొంత నూనె తాగుతుందని నాకు తెలుసు. తెలిసీ చూడలేదు.

మలుపు తిరిగేటప్పుడు బిందెలో నీళ్ళు ఒక పక్కకి ఒరిగినట్టు, ఇంజన్ అడుగున చాంబర్లో నూనె ఒక పక్కకి పోతుంది. కొలత తక్కువైతే పంపు నూనెకి బదులు గాలి పీలుస్తుంది. ఆ ఒక్క క్షణం బేరింగులకి నూనె అందదు. లైటు అందుకే మిణుక్కుమంది. పాతిక వరుసలు కాదు కదా, యాభై వరుసల కూలర్ పెట్టినా ఆ లైటు ఆగదు.

"నీకెలా తెలిసింది నాన్నా?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

1988

మాకు సొంత జీపు ఉండేది. అప్పు చేసి కొన్నది. 1988లో అది పోయింది. అప్పుడు నాకు పదేళ్ళు. 'ఆ జీపు మనకి అచ్చిరాలేదు' అని ఇంట్లో అనుకోవడమే నాకు గుర్తు. తర్వాత నాన్న జీవితమంతా పరాయి బళ్ళే తోలారు. అక్క అప్పటికి ఇంటర్ ఫస్ట్‌క్లాసులో పాసయింది. విశాఖపట్నంలో డిగ్రీ చదువుతానని కలలు కనేది. ఆ ఏడు చదువు ఆగిపోయింది. మరుసటి ఏడు పెళ్ళి చేసేశారు. అచ్చిరాని జీపు ఖాతాలో ఇవన్నీ కలిపేశాం.

నాన్న చెప్పింది ఇదీ. అంతకు పది రోజుల ముందు నుంచే ఘాట్ మలుపుల్లో ఆ ఎర్ర లైటు మిణుక్కుమంటోందట. తిన్నగా ఉన్న రోడ్డు మీదికి రాగానే ఆరిపోయేదట. వైరు లూజై ఉంటుందిలే అనుకున్నారు. ముందు సీట్లో కూర్చున్న ప్యాసింజర్ ఒకాయన "డ్రైవరు గారూ, ఆ ఎర్ర లైటేటండీ?" అని రెండుసార్లు అడిగాడట. జనం భయపడుతున్నారని...

"బల్బు ఊడబెరికేశాన్రా" అన్నారు నాన్న.

ఆ తర్వాత మూడో రోజే డౌనూరు పైన ఎక్కుతుంటే ఇంజన్లోంచి టక టకమని సుత్తితో కొట్టినట్టు చప్పుడొచ్చి, బండి ఆగిపోయింది. కింద ఎక్కడో నూనె కారిపోతోంది. పుల్ల తీస్తే తడి కూడా లేదు. బేరింగులు పోయి, క్రాంక్ పోయి, ఇంజన్ పూర్తిగా పట్టేసింది. బాగు చేయించడానికి అమ్మ గొలుసు తాకట్టు పెట్టారు. అదీ చాలలేదు. కొన్న రేటులో సగానికి బండిని వదిలించుకుని, అప్పు మాత్రం నాలుగేళ్ళు కట్టారు.

"నీల్లనే సూసేవోణ్ణి నానా. నీల్లు కాగితే బుసకొడతాయి, ఆవిరొస్తాది, రోడ్డు మీదున్నోల్లందరికీ తెలుస్తాది. నీల్లు కేకేసి సెప్తాయి. నూనె సెప్పదు. ఆ లైటొక్కటే దానికి నోరు. నాను ఆ నోరు నొక్కీసినాను."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. ముప్పై ఏడేళ్ళుగా ఆ మాట ఆయన లోపలే ఉంది. 'అచ్చిరాలేదు' అని మేం అన్నప్పుడల్లా ఆయన తల దించుకుని ఎందుకు లేచి వెళ్ళిపోయేవారో అప్పుడు తెలిసింది.

ముందు కొలత, తర్వాత కొనడం

మర్నాడు నాన్నని వెంటబెట్టుకుని నెల్లూరాయన షెడ్డుకి వెళ్ళాను. ముందు నూనె మార్చి, పై గీత దాకా పోయించాం. కూలర్ కొనేముందు నూనె వేడి కొలిచే మీటరు ఒకటి పెట్టించాం. నా కారులో నీళ్ళ వేడికి ముల్లుంది కానీ నూనె వేడికి లేదు. ఇంట్లో ఎవరికో ఒళ్ళు వెచ్చగా ఉందని, థర్మామీటరు పెట్టకుండానే పెద్ద ఇంజక్షన్ చేయించబోయానన్నమాట.

తర్వాతి ట్రాక్ రోజున లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. అయితే మీటరు వేరే సంగతి చెప్పింది. నూనెకి వంద డిగ్రీలకి అటూ ఇటూ ఉంటే సుఖం. 120 దాకా ఫరవాలేదు. నాకు నాలుగో రౌండులో 128, ఆరో రౌండులో 138 చూపించింది. నీళ్ళ ముల్లు మాత్రం అప్పుడూ మధ్యలోనే ఉంది! అంటే మెకానిక్ చెప్పిందీ నిజమే. కూలర్ అవసరమే. జబ్బులు రెండున్నాయి. నేను ఒకదానికి మందు కొని, రెండూ తగ్గాయనుకునేవాణ్ణి.

ఇక ఎలాంటిది వేయాలి? దారులు రెండు. ఒకటి, ఇంజన్ నీళ్ళతోనే నూనెని చల్లబరిచే చిన్న పెట్టె. పొద్దున్న బండి తీసినప్పుడు నూనెని తొందరగా వెచ్చబరుస్తుంది కూడా. గొట్టాల బెడద తక్కువ. కానీ నూనె వేడంతా వెళ్ళి నీళ్ళ మీద పడుతుంది. చెన్నై ఎండలో, ట్రాక్ మీద నా రేడియేటరుకి ఆ బరువు కూడా మోపడం మంచిది కాదన్నాడు మెకానిక్. రెండోది, గాలికి చల్లబడే కూలర్. ఆయిల్ ఫిల్టరుకీ ఇంజన్‌కీ మధ్య ఒక బిళ్ళ బిగించి, అక్కణ్ణుంచి రెండు గొట్టాలతో ముందుకి తీసుకెళ్ళాలి. మేం రెండోదే ఎంచుకున్నాం.

పాతిక వరుసలది నేను చూపించిన చోట, రేడియేటరు ముందు పెట్టి చూశాడు. సగం రేడియేటరు కప్పేసింది. నాన్న వెంటనే అన్నారు: "గోనె సంచి కట్టినట్టుందిరా."

ఘాట్ మీద కొత్త డ్రైవర్లు తడి గోనె సంచిని రేడియేటరు ముందు కట్టి అలాగే తోలేసేవారట. ఆగి ఉన్నప్పుడు ఆ తడి చల్లబరుస్తుంది. కదిలాక అదే గాలికి అడ్డం. బండి ఇంకా కాగిపోయేది. నూనెని చల్లబరచబోయి నీళ్ళని కాగబెట్టడం కూడా అంతే.

చివరికి పదహారు వరుసలది తీసుకుని, బంపరు పక్కగా, చక్రానికి ముందున్న ఖాళీలో పెట్టాం. గాలి నేరుగా దాని మీదికి వచ్చేలా రేకుతో దారి చేశాడు. "ఒచ్చే గాలికి దారెట్టావు, పోయేదానికేదీ?" అని నాన్న అడిగారు. వీధి గుమ్మం ఎంత పెద్దదైనా పెరటి గుమ్మం మూసుంటే ఇంట్లోకి గాలి ఆడదు కదా! వెనక చక్రం గూడు వైపు తెరిచాక పని పూర్తయింది.

థర్మోస్టాట్ ఉన్న బిళ్ళే వేయమన్నాడు మెకానిక్. నూనె ఎనభై డిగ్రీలు దాటాకే అది కూలర్ వైపు పూర్తిగా వదులుతుంది. ఎందుకంటే నూనె మరీ చల్లగా ఉన్నా తప్పే. అందులో చేరిన తేమ ఆవిరై పోదు, చిక్కగా ఉండి చురుగ్గా తిరగదు. రోజూ ఆఫీసుకి నెమ్మదిగా వెళ్ళే కారుకి ఇది ముఖ్యం.

అన్నిటికంటే ఎక్కువ సమయం గొట్టాలకి పట్టింది. సైలెన్సర్ వేడికి దూరంగా, ఏ అంచుకీ రాసుకోకుండా, ఇంజన్ ఊగినా లాగకుండా బిగించాలి. ఒక్క గొట్టం ఊడితే నిమిషంలో నూనెంతా రోడ్డు పాలు. ట్రాక్ మీద నూనె పడితే పసుపూ ఎరుపూ చారల జెండా ఊపుతారని నాన్నకి చెప్పాను. "జెండా సూసేలోపు ఎనకోడు జారిపోతే?" అన్నారాయన. ఆ మాట విన్న మెకానిక్ కుర్రాడు ప్రతి బిగింపూ మళ్ళీ తిప్పి చూశాడు. కూలరూ గొట్టాలూ నిండటానికి ఇంకో అర లీటరు పట్టింది. ఇంజన్ తిప్పి, ఆపి, మళ్ళీ పుల్ల చూశాం. ఈసారి పుల్ల చూసింది నాన్నే, కొత్త కళ్ళతో.

అక్క మాట

నాన్న ఊరెళ్ళే ముందు ఆదివారం ఆయన్నీ ట్రాక్‌కి తీసుకెళ్ళాను. నల్ల కళ్ళద్దాలతో నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టీవీలో చూసిన, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఎలక్ట్రిక్ కార్ల పందెం గుర్తొచ్చినట్టుంది. "వాటికి ఈ నూనె గోలుండదు కదా?" అని అడిగారు. ఈ నూనె ఉండదు కానీ, బ్యాటరీలు కూడా వేడెక్కుతాయని, వాటికీ కూలింగ్ కావాలని చెప్పాను. "పరిగెట్టేదేదైనా ఏడెక్కుద్ది" అని నవ్వారు.

ఆ రోజు ఆరు రౌండ్లు తిరిగినా నూనె 116 దాటలేదు. నీళ్ళ ముల్లు కదల్లేదు. ఆరో రౌండు అయ్యాక వెంటనే ఆపకుండా, ఏడో రౌండు నెమ్మదిగా తిరిగి వచ్చి, ఇంజన్ని రెండు నిమిషాలు అలాగే వదిలి అప్పుడు ఆపాను. ఇది ట్రాక్ మీద అందరూ చేసేదే. కానీ నాకు నేర్పింది నాన్న. లమ్మసింగి ఎక్కగానే ప్యాసింజర్లంతా టీ కోసం దిగిపోయినా, ఆయన ఇంజన్ ఆపకుండా స్టీరింగ్ ముందే కూర్చుని ఉండేవారు. ఎందుకో అప్పుడు నాకు తెలిసేది కాదు.

ఆయన వెళ్ళాక ఓ రోజు చోడవరంలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. ఈ విషయం చెప్పాలా వద్దా అని చాలా తటపటాయించి, చివరికి చెప్పేశాను. జీపు అచ్చిరాక పోలేదనీ, నాన్న బల్బు తీసేశారనీ, నీ చదువు ఆగింది అందుకేననీ.

అక్క కాసేపు ఊరుకుని, "నాకు తెలుసురా. అమ్మ పోయే ముందే చెప్పింది" అంది.

"మరి నువ్వెప్పుడూ నాన్నని అడగలేదా?"

"అడిగితే ఏటొస్తాది? ఆయన ఆ రోజు నుంచి ఏ బండెక్కినా ముందు పుల్ల తీసి చూసేవోరు. నీకు గుర్తులేదేమో. పెళ్ళయ్యాక నన్ను దింపడానికొచ్చిన అద్దె కారుకి కూడా చూశారు. అది చూశాక ఇంక అడగాలనిపించలేదు."

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న నర్సీపట్నం నుంచి ఫోనొస్తుంది. పిల్లలెలా ఉన్నారు, కోడలెలా ఉంది అని అడిగాక, ఫోన్ పెట్టేసే ముందు నాన్న తప్పకుండా అడుగుతారు.

"నూనె సూశావేటిరా?"

చూశాను నాన్నా అంటాను. చూడకపోతే ఆ మాట అనలేను. అందుకే ఆయన ఫోన్ వచ్చేలోపే కిందికి దిగి చూసి వస్తున్నాను. రెండు కార్లకీ.